టక్‌మనేదాకా

రెంచి పోయిన రోజు పొద్దున మేస్త్రమ్మ షట్టరెత్తి, కొట్టు ఊడ్చి, చీపురు మూలకి విసిరి, అలవాటు కొద్దీ గోడ మేకు వైపు చెయ్యి చాపింది. గుడ్డసంచి చేతికొచ్చింది. తేలిగ్గా వచ్చింది. భర్త పాత ప్యాంటు కాలు కత్తిరించి తనే కుట్టిన సంచి అది. లోపల ఉండాల్సిన బరువు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఆఖరి లారీకి చక్రం బిగించేసరికి ఒళ్ళు హూనమైపోయింది. రెంచిని పనిబల్ల మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు బల్ల వైపు చూసింది. జాకీ పిడి, తీగబ్రష్షు, గ్రీజు డబ్బా, పంచరు ముక్కలు, మేస్త్రి మంచం దగ్గర ఉండాల్సిన స్టీలు గ్లాసు, అన్నీ పడేసినవి పడేసినట్టే ఉన్నాయి. రెంచి ఒక్కటే లేదు.

బల్ల కింద చూసింది. టైర్ల దొంతర వెనక చూసింది. ఆ దొంతరకి ఆనుకుని, గోనెపట్టా కప్పుకుని తన కుట్టుమిషను ఉంది. దాని కిందా చూసింది. నడుము పట్టేసింది. లేచి నిలబడి, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరినో తిట్టినట్టు, "పోయింది," అంది.

చక్రాల కొట్టులో ఎన్ని పనిముట్లున్నా అవి పనిముట్లే. రెంచి మాత్రం మేస్త్రి పరువు. మూర పొడుగు ఉక్కు కడ్డీ. పిడి తిప్పితే దాని మీది గీతలు కదులుతాయి. ఏ బండికి బోల్టు ఎంత బిగించాలో ఆ గీత దగ్గర పిడి ఆపి లాగితే, సరిగ్గా అంత బిగువు రాగానే లోపల టక్‌మంటుంది. ఆ తరవాత ఇంకొంచెం లాగితే మేస్త్రి ఊరుకునేవాడు కాదు. టక్‌మనక ముందే ఆపినా ఊరుకునేవాడు కాదు. పని అయ్యాక పిడిని వెనక్కి, అన్నిటికన్నా కింది గీత దాకా తిప్పి సంచిలో పడుకోబెట్టాలి. తిప్పకుండా వదిలేస్తే లోపలి స్ప్రింగు రాత్రంతా ఊపిరి బిగపట్టుకునే ఉంటుందనీ, తెల్లారేసరికి అలిసిపోయి అబద్ధాలు మొదలుపెడుతుందనీ అనేవాడు.

నిన్న ఆమె పిడి తిప్పలేదు.

లోపలి గదిలోంచి మంచం ఇనప పట్టీ మీద చప్పుడైంది. ఠంగ్, ఠంగ్.

మేస్త్రికి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది గానీ తిట్లు పోలేదు. ఎడమ చేతిలో స్టీలు గ్లాసు పట్టుకుని మంచం పట్టీ మీద కొడతాడు. నీళ్ళకి ఒక రకం, పక్క మార్చడానికి ఇంకో రకం. అన్నిటికన్నా గట్టి చప్పుడు బోల్టుల కోసం. ఆమె కొట్టులో చక్రం బిగిస్తుంటే అతను గదిలో పడుకుని టక్‌లు వింటాడు. ఒక్కటి తక్కువైనా మంచం మోగుతుంది. అన్నీ సరిగ్గా పలికితే గదిలోంచి ఏ చప్పుడూ రాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు దక్కిన మెచ్చుకోలు ఆ ఊరుకోవడమే.

"వస్తున్నా, ఆగు," అని అక్కణ్ణించే అరిచింది. వెళ్ళలేదు.

పొద్దున్నే, షట్టరెత్తక ముందు, అతనికి మొహం తుడిచి, టీ తాగించి, పెరట్లో పంపు దగ్గర బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి అతని చేతికర్ర గుమ్మంలో అడ్డంగా పడి ఉంది. తట్టుకుని పడబోయింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేయగలడు గానీ వేస్తే పడతాడని డాక్టరు చెప్పాడు. కర్ర తీసి మూలన నిలబెట్టి, మళ్ళీ లేచావా, పడి ఇంకో కాలు విరగ్గొట్టుకుంటే నన్ను మంచం కింద పాతిపెట్టు అని గది వైపు తిరక్కుండానే దులిపేసింది. అక్కడ మొదలైన కోపం ఇప్పుడు రెంచి పోవడంతో నెత్తికెక్కింది.

ఫోన్ తీసి మరిదికి చేసింది. వీధి చివర అతనిది లారీల షెడ్డు. పనిముట్లు అడిగి పట్టుకెళ్ళడం కొన్నిసార్లు, అడక్కుండా పట్టుకెళ్ళడం చాలాసార్లు. నిన్న చీకటి పడ్డాక టీ తాగడానికి వచ్చి వెళ్ళాడు కూడా.

"రెంచి తెచ్చి ఇవ్వు," అంది.

"ఏ రెంచి వదినా?"

"మీ అన్నయ్య రెంచి. బల్ల మీదుంటే పట్టుకుపోయావు."

అతను నవ్వాడు. "నాకెందుకు వదినా అది? నా భుజమే నాకు రెంచి. టక్కూ అక్కర్లేదు, టిక్కూ అక్కర్లేదు."

"దొంగతనం చేసి నవ్వుతావేం?"

అవతల నవ్వు ఆగిపోయింది. తీయలేదని చెప్పాడు. ఆమె వినలేదు. పోయినేడు జాకీ పట్టుకెళ్ళి నూనె కారేదాకా వాడి తెచ్చిన సంగతీ, అంతకు ముందు పానాల సంగతీ, మంచాన పడ్డ అన్నని పండక్కో పబ్బానికో తప్ప చూడని సంగతీ, అన్నీ కలిపి కడిగేసింది. చివర్న, "దొంగ," అని పెట్టేసింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నోట్లో కారంగానే ఉంది. బాగానే ఉన్నట్టు కూడా అనిపించింది.

గదిలో మంచం మోగుతూనే ఉంది. ఇవాళ చప్పుడు బరువుగా ఉంది. నిన్న పిడి తిప్పనందుకు దెప్పుతున్నాడు అనుకుంది. తిప్పలేదని అతనికెలా తెలుస్తుందని మాత్రం ఆలోచించలేదు. అతనికి అన్నీ తెలుస్తాయి. దెప్పడానికి పనికొచ్చేవైతే మరీను.

ఆమె ఈ ఇంటికి వచ్చినప్పుడు కుట్టుమిషనుతో వచ్చింది. వీధి వైపు గది తనకిస్తే జాకెట్లు కుట్టుకుంటానంది. వీధి వైపు టైర్లున్నాయి. మేస్త్రి నోటికి తట్టుకోలేక పనివాడు పారిపోయిన రోజు, వంట మధ్యలో ఉన్న ఆమెను పిలిచి, చేతిలో వీల్ స్పానరు పెట్టి, పట్టుకో అన్నాడు. ఆ పట్టుకున్నది మళ్ళీ దించలేదు. బోల్టులు ఒక పక్క నుంచి వరసగా బిగించకూడదనీ, ఎదురెదురుగా బిగించాలనీ అతను పదిసార్లు అరిచి చెబితే, నాలుగు కన్నాల బొత్తాం కుట్టినట్టు అనుకుని ఆమె ఒక్కసారికే పట్టేసింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. అరచేతులు బొబ్బలెక్కితే అతను ఒక్క ముక్క అనలేదు. మర్నాడు చూస్తే స్పానరు పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. ఆ సంగతి ఆమే ఎత్తలేదు. వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది బోల్టుల గురించే, అదీ అరుపులతోనే.

ఎండ ముదురుతుండగా కొట్టు ముందు ఒక ఇల్లు వచ్చి ఆగింది.

నిజంగా ఇల్లే. తెల్లటి పెద్ద బండి, కిటికీలకి పువ్వుల తెరలు, లోపల పొయ్యి, మంచం, గిన్నెలు కడుక్కునే తొట్టి. మరిది షెడ్డులో ఇలాంటివాటిని ఇల్లుబండ్లు అంటారు. ఆగగానే లోపల గిన్నెలు ఒకదాన్నొకటి గుద్దుకుని సర్దుకున్నాయి. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన దిగాడు. వెనకాలే మోకాళ్ళు పట్టుకుంటూ ఆయన భార్య దిగింది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరనీ, పాత బండి కొనుక్కుని భార్యకి దేశం చూపిస్తున్నాడనీ దిగిన నిమిషంలో చెప్పేశాడు.

దారిలో వెనక చక్రం పంచరైందట. స్టెప్నీ తనే వేశాడట. ఆ తరవాత కాసేపటికి ఏదో ఊగుతున్నట్టుందట.

"ఊగుతోందని నేను చెప్తూనే ఉన్నా," అంది ఆవిడ. "నీ తల ఊగుతోంది అన్నారు."

"గట్టిగానే బిగించానమ్మా," అన్నాడాయన మేస్త్రమ్మతో. "స్పానరు మీద ఎక్కి నిలబడి మరీ తొక్కాను."

"వరసగానా?"

"వరసగానే. ఒకటి తరవాత ఒకటి."

"బోల్టులు బిగించమంటే మట్టి తొక్కినట్టు తొక్కారు," అంది. "బస్సు నడిపారుగా ఇన్నేళ్ళు?"

"చక్రాలు వేరేవాళ్ళు వేసేవాళ్ళు," అన్నాడు. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

మేస్త్రమ్మ పనిలోకి దిగింది. మిగతా చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, జాకీ ఎక్కించి, చక్రం విప్పింది. బోల్టుల్లో రెండు చెయ్యి పెట్టగానే తిరిగాయి. మిగతా నాలుగూ ఎంతకీ కదల్లేదు. స్పానరుకి ఇనప గొట్టం తగిలించి ఒళ్ళంతా వేలాడదీస్తే కిర్రుమని వదిలాయి. చక్రం ఆనే చోట తుప్పు పెచ్చులు కట్టి ఉంది. మట్టి కూడా. మధ్యలో మట్టి పెట్టి బిగిస్తే, మట్టి రాలిపోయాక బిగువెక్కడుంటుంది? ఎన్ని తొక్కుళ్ళు తొక్కినా ఏం లాభం? తీగబ్రష్షుతో తుప్పంతా గీకింది. ఆ గీకడంలో మరిది ఉన్నాడు, గదిలో మంచమూ ఉంది. ఇంట్లో కూర్చుని ఊళ్ళు తిరిగే ఈ మొగుడూపెళ్ళాలు కూడా ఉన్నారు. తన చేతి మీదుగా ఎన్ని చక్రాలు దూరాభారాలు పోయాయో. తను మాత్రం నది మీది వంతెన దాటిన సార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చక్రం ఎక్కించి, బోల్టులన్నీ ముందు చేతి వేళ్ళతో తిప్పింది. వేళ్ళతో తిరగని బోల్టు మర తప్పినట్టే. దాన్ని స్పానరుతో మొదలుపెట్టకూడదు. అన్నీ తిన్నగా ఎక్కాయి. స్పానరుతో ఎదురెదురుగా కాస్త బిగించింది. జాకీ దించి, చక్రం నేలకి ఆనాక, అసలు బిగింపు మొదలుపెట్టింది. ఇక్కడే రెంచి కావాలి. లేదు. సైకిల్ ట్యూబు చుట్టిన స్పానరు పట్టుకుని, ఇన్నేళ్ళుగా భుజానికి తెలిసిన బరువుతో లాగింది. పైది. దాని ఎదుటిది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

టక్ వినబడలేదు కాబట్టి కొడుతున్నాడు. ఎలా వినబడుతుంది, రెంచి ఉంటేగా?

"రెంచి లేదయ్యా," అని అరిచింది. "పోయింది. మీ తమ్ముణ్ణి అడుగు."

చప్పుడు ఇంకా ఎక్కువైంది. అడ్డదిడ్డంగా, ఆగి ఆగి, మళ్ళీ ఒక్కసారిగా. పెద్దాయన భార్య గది వైపు చూసి, "ఎవరో పిలుస్తున్నట్టున్నారు," అంది నెమ్మదిగా.

"పిలవడం కాదులెండి. తిట్టడం."

స్పానరు నేల మీద పడేసి లేచింది. విసవిసా వెళ్ళి, గది లోపలికి చూడకుండా, గచ్చుకి రాసుకునే ఆ తలుపుని రెండు చేతులా లాగి మూసేసింది. వచ్చి గాలి కొట్టే కంప్రెసర్ స్విచ్ వేసింది. దాని రొదలో ఇంకేమీ వినబడలేదు. అమ్మయ్య అనుకుంది.

మధ్యలో లేస్తే మళ్ళీ మొదటి బోల్టు నుంచి మొదలుపెట్టాలని మేస్త్రి నియమం. ఫోనొచ్చినా, వానొచ్చినా, ఇల్లంటుకున్నా అంతే. ఎక్కడ ఆపామో గుర్తుందనుకుంటాం, గుర్తుండదు అనేవాడు. ఆమెకు గుర్తుంది. గుర్తుందనే అనుకుంది. స్పానరు తీసుకుని ఆపిన చోటి నుంచే లాగింది. కోపం భుజంలోకి దిగి, ఒక్కొక్కటీ మూలిగేదాకా బిగించింది.

అయిపోయాక పెద్దాయనతో, రెంచి లేకుండా చేశాను కాబట్టి నా మాట మీద నాకే నమ్మకం లేదు అంది. నెమ్మదిగా వంతెన దాటి, ఆ అవతలి పెట్రోలు బంకు దాకా వెళ్ళి వెనక్కి రమ్మంది. వేసిన చక్రం కొంత దూరం తిరిగాక సర్దుకుంటుంది, అప్పుడు మళ్ళీ బిగించాలి. రెంచి ఉన్నా అది తప్పదు. ఈలోగా రెంచి ఎక్కడున్నా తెప్పిస్తానంది.

"అంత దూరం వెళ్ళి మళ్ళీ రావాలా?" అన్నాడాయన.

"అక్కడే వండుకు తిని, ఎండ తగ్గాక వద్దాం," అంది ఆయన భార్య. "ఎలాగూ తిరగడానికేగా బయల్దేరాం."

ఇల్లుబండి గిన్నెలు మోగించుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె కంప్రెసర్ ఆపింది. గదిలో చప్పుడు లేదు. కొట్టి కొట్టి నిద్రపోయాడు అనుకుంది. ఆ కాస్త ప్రశాంతత కోసమే బతుకుతున్నట్టు టైర్ల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీధి చూస్తూ ఉండిపోయింది. ఒక పిల్లి వచ్చి గ్రీజు డబ్బా వాసన చూసి నచ్చక వెళ్ళిపోయింది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చాక, అన్నం కలిపి పళ్ళెం పట్టుకుని, భుజంతో తలుపు నెట్టింది.

మేస్త్రి గోడ వైపు తిరిగి ఉన్నాడు. దుప్పటి సగం నేల మీద ఉంది. పిలిచింది. పళ్ళెం కింద పెట్టి భుజం పట్టుకుని తిప్పింది. ఒళ్ళు చల్లబడుతోంది. ఎడమ చెయ్యి మంచం పట్టీ మీద ఉంది. ఆ చేతి కింద రెంచి ఉంది.

పనిబల్ల మీది స్టీలు గ్లాసు అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. పొద్దున్నుంచీ అది అక్కడే ఉంది.

రెంచి తీసి చూసింది. గ్రీజు మరకలు లేకుండా దుప్పటి అంచుతో తుడిచి ఉంది. పిడి అన్నిటికన్నా కింది గీత దగ్గర ఉంది. కడ్డీని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక్క చేత్తో, ఎంతసేపు తిప్పి ఉంటాడో. గుమ్మంలో పడ్డ చేతికర్ర అందుకు. దాని మీద ఆనుకుని బల్ల దాకా వెళ్ళి, గ్లాసు అక్కడ పెట్టి రెంచి తీసుకుని, ఆమె పెరట్లో బట్టలు పిండుకుంటుండగా, మళ్ళీ మంచం దాకా వచ్చాడు.

తిప్పలేదేమని తిట్టడానికి కొట్టాడా? ఇక్కడుందని చెప్పడానికి కొట్టాడా? గుండెలో నొప్పి వచ్చి రమ్మని కొట్టాడా? రెంచితో కొడితే మూడింటికీ చప్పుడు ఒక్కటే.

"చెప్పి చావొచ్చుగా," అంది. అని, నోరు మూసుకుంది.

సంగతి ఎవరు చెప్పారో, మరిది గ్రీజు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. అన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో టైర్లు పక్కకి జరిపి, కూర్చోవడానికి చోటు చేశారు. ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి, ఏడవమ్మా, ఏడిస్తే తేలికపడతావు అన్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. పళ్ళెంలో అన్నం ఎవరు తీశారని ఒకసారి అడిగింది. రెంచి మాత్రం కొంగు చాటున, ఒళ్ళోనే ఉంది.

పొద్దు వాలుతుండగా వీధిలో గిన్నెల చప్పుడు వినబడింది. ఇల్లుబండి కొట్టు ముందు ఆగింది. పెద్దాయన దిగి, జనాన్నీ గుమ్మంలో చెప్పుల గుంపునీ చూసి, ఎవరినో అడిగి, టోపీ తీసేశాడు. చడీచప్పుడు లేకుండా వెనక్కి వెళ్ళి బండెక్కాడు. ఇంజను మోగింది.

ఆమె లేచింది. "ఆగమనండి ఆయన్ని," అంది.

ఎవరో ఇప్పుడెందుకమ్మా అన్నారు. ఇంకెవరో చెయ్యి పట్టుకోబోయారు. ఆమె చెప్పులేసుకోకుండానే వీధిలోకి వెళ్ళి, బండి వెనక చక్రం ముందు కూర్చుంది. డ్రైవరు తలుపు లోపల అంటించిన చీటీ మీద ఈ బండికి ఎంత బిగువుండాలో పెద్దాయన్ని చదివించి, రెంచి పిడి ఆ గీత దాకా తిప్పింది. స్పానరు కోసం చెయ్యి చాపితే ఎవరో అందించారు. చూస్తే మరిది.

అతని చూపు ఆమె రెండో చేతి మీద ఆగింది.

"దొరికిందా వదినా?"

"ఊఁ."

"ఎక్కడ?"

ఆమె చక్రం వైపు తిరిగింది. అతను లోపలి గది వైపు చూశాడు. ఫోన్‌లో లైటు వేసి, బోల్టుల మీద పడేలా వంగి పట్టుకున్నాడు. పొద్దున అతన్ని అన్న మాట ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

ఒక్కొక్కటీ కాస్త వదిలించి మళ్ళీ బిగించాలి. ముందు పట్టుకున్నది వదలడానికి మొరాయించింది. అంత కోపంగా లాగింది పొద్దున. దాని పక్కదీ అంతే. మూడోది స్పానరు పెట్టేలోపే వేళ్ళకి తిరిగింది. అసలు బిగించనే లేదు. తలుపు మూయడానికి లేచిన చోటు అది. ఇంకాస్త దూరం పోయి ఉంటే బోల్టు రాలిపోయేది, ఆ తరవాత దాని పక్కది. పెద్దాయన చూశాడు. బండి లోపల భార్య ఏదో గుడ్డ మడతపెడుతోంది. ఆయన కళ్ళు ఆ కిటికీ మీదికి వెళ్ళాయి.

మేస్త్రమ్మ అన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పైది. టక్. దాని ఎదుటిది. టక్. ఎడమది. టక్. ప్రతి టక్‌కీ ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మెడ కొట్టు వైపు తిరిగింది. కొట్టులో జనం మాటలు ఆపేసి చూస్తున్నారు. లోపలి గది తలుపు తెరిచే ఉంది. ఆఖరి బోల్టు పలికాక కూడా అక్కణ్ణించి ఏ చప్పుడూ రాలేదు. సరిగ్గా బిగించిన ప్రతిరోజూ ఇలాగే ఉండేది.

పెద్దాయన చేతులు జోడించాడు. ఆమె తల ఊపి, చెయ్యి అడ్డంగా ఊపి, వెళ్ళమంది. ఇల్లుబండి మెల్లగా మలుపు తిరిగి కనుమరుగైంది.

ఆమె కొట్టులోకి వచ్చింది. రెంచిని పనిబల్ల మీద పెట్టింది. పిడి మీద చెయ్యి వేసింది. వేసి, తిప్పకుండా తీసేసింది. పెట్టినట్టుగా కాదు, నిన్నటిలాగే పడేసినట్టుగా దాన్ని కాస్త అడ్డంగా నెట్టి, గదిలోకి వెళ్ళి, మంచం పట్టీ పక్కన నేల మీద కూర్చుంది. మరిది ఎవరెవరికి కబురు పంపాలో అడిగాడు. ఆమె కాస్త ఆగమంది. చెవి మంచం పట్టీకి ఆనించి, మోగుతుందేమోనని చాలాసేపు అలాగే కూర్చుంది.

గుడ్డసంచి మేకుకి ఖాళీగా వేలాడుతోంది. రెంచి బల్ల మీద, స్టీలు గ్లాసు పక్కన ఉంది. పిడి ఇంకా వెనక్కి తిప్పలేదు.